ముందు ఫ్యూజు చూడు

కాచిగూడలో నేనుండే గదికీ మా కాలేజీ కంప్యూటర్ ల్యాబుకీ నడక దూరమే. కానీ ఆ శనివారం సాయంత్రం గదికి పోవడానికి కాళ్ళు రాలేదు. ల్యాబులోని లినక్స్ సర్వరు సరిగ్గా లేస్తుందో లేదో చూద్దామని నేనే ఆపి, నేనే మళ్ళీ ఆన్ చేశాను. అది 90 సెకన్లు ఒక డిస్కు కోసం ఎదురుచూసి, తెర మీద 'ఎమర్జెన్సీ మోడ్' అని రాసి ఊరుకుంది.

మా తరగతి వాళ్ళం నాలుగు నెలలు పొలాల వెంట తిరిగి తీసిన నేల తేమ కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. ముందురోజే రెండు కొత్త డిస్కుల్ని రెయిడ్-1గా జతచేసి, కొలతలన్నీ అందులోకి మార్చి, పాత డిస్కు తుడిచేశాను. రెయిడ్-1లో రాసిన ప్రతి అక్షరమూ రెండు డిస్కుల్లోనూ పడుతుంది; ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. 1987లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ అనే ముగ్గురు ఇలాంటి ఏర్పాట్లకు రెయిడ్ అని పేరుపెట్టారు. "రెండున్నాయి కదా, ఇంకేం భయం!" అని మిత్రుల ముందు గొప్పలు పోయిందీ నేనే.

గాభరాలో నాకు తోచింది ఒక్కటే: జతను మళ్ళీ కొత్తగా సృష్టించడం. ఆదేశం టైపు చేశాను. ఎంటర్ కొట్టడమే తరువాయి. అప్పుడు నాయిన గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మోటరు నీళ్ళు పోయడం లేదని, బోరు ఎండిపోయిందని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తితే, "మోటరు నడవకుంటే బోరు మళ్ళ ఏస్తమారా? ముందుగాల ఫ్యూజు సూడు" అన్నాడు.

టైపు చేసింది చెరిపేశాను. జత పరిస్థితిని చూపించే ఎండీస్టాట్ ఫైలు తెరిచాను. అది చదవడం వల్ల దేనికీ నష్టం లేదు. రెండు డిస్కులకూ 'యూ' గుర్తు ఉంది, అంటే రెండూ క్షేమం! పేరు మాత్రం నేను పెట్టిన ఎండీ-0 కాదు, ఎండీ-127.

సంగతి అర్థమైంది. లినక్స్ లేచేటప్పుడు మొదట ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూట విప్పుకుంటుంది. కొత్త జత వివరాలు నేను ఆ మూటలో చేర్చలేదు. ఊరూ పేరూ తెలియని జతకు అది తనకు తోచిన పేరు పెట్టుకుంది. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మాత్రం ఎండీ-0 అనే పిలుస్తోంది. కాచిగూడ స్టేషనులో చుట్టం ఎదురుగా నిలబడి ఉంటే, మరో పేరుతో కేకలు వేసినట్టు!

జత వివరాలు ఎండీఅడ్మ్ కాన్ఫిగరేషను ఫైలులో రాసి, మూటను మళ్ళీ కట్టించాను. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎండీ-0 తీసేసి, ఎన్నిసార్లు ఆపి లేపినా మారని యూయూఐడీ సంఖ్య వేశాను. మళ్ళీ ఆన్ చేస్తే నిమిషంలో లేచింది. కొలతల్లో ఒక్క అంకె పోలేదు. నేను సృష్టించబోయిన కొత్త జతలో డేటా మొదలయ్యే చోటు కాస్త తేడా పడి ఉంటే, నాలుగు నెలల శ్రమ మట్టిపాలయ్యేది.

నారాయణగూడలో చాయ్ తాగుదామని మిత్రులు పిలిచారు. కొలతలన్నిటికీ విడిగా మరో డిస్కులోకి నకలు తీశాకే బయల్దేరాను. రెండు డిస్కులున్నంత మాత్రాన నకలు ఉన్నట్టు కాదు. పొరపాటున చెరిపితే రెంటిలోనూ చెరిగిపోతుంది. ఆ రాత్రి నాయినకు ఫోన్ చేశాను. సర్వరు సంగతంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "మరి ఫ్యూజు ఎవరు తీసిండ్రు?"

"నేనే" అన్నాను.