అవ్వ మగ్గం చప్పుడు

డిజె అంటే ఏమిటో మా మల్దకల్‌లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు స్పీకర్లు, వెనక జనరేటరు, ముందు తీన్మార్ ఆడే కుర్రాళ్ళు. బారాత్ మా సందులోకి తిరిగిందంటే వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే కదులుతాయి. అందుకే "మీ అమ్మాయి హైదరాబాదులో డిజె అట గదా వదినా" అని ఎవరైనా అడిగితే నాకు చప్పున జవాబు తోచేది కాదు. అది పగలు కంప్యూటరు ఉద్యోగం చేసుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి, శనివారం రాత్రి, స్నేహితులతో కలిసి ఎలక్ట్రానిక్ సంగీతం వినిపిస్తుంది. అందులో సినిమా పాటలుండవు. మాటలే ఉండవు. ఇదంతా నీళ్ళ కుళాయి దగ్గర ఎవరికని విడమరిచి చెప్పను?

చలికాలంలో వనపర్తి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, జాతకాలు కుదిరాయి. వాళ్ళమ్మ ఫోనులో అన్నీ మాట్లాడి చివర్లో "పెళ్ళయినంక ఆ రాత్రి పాటల పని మానేస్తది గదా వదినా?" అంది. మా వారు పక్కనుంచి తల గట్టిగా ఆడిస్తున్నారు, మానేస్తదని చెప్పమని. నేను మాత్రం "నాలుగు దినాలాగి చెప్తా వదినా" అని పెట్టేశాను. ఆ పనేమిటో నా కళ్ళతో చూడకుండా మానేస్తదని మాటెట్లా ఇస్తాను? కూర రుచి చూడకుండానే ఉప్పెక్కువైందన్నట్టుండదూ!

"ఈసారి నీ పాటలకు నేనూ వస్తున్నా" అంటే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత "అమ్మా, నీకు నిద్రొస్తది" అంది. అయినా వెళ్ళాను. గద్వాల దాకా ఆటో, అక్కడినుంచి కాచిగూడకు రైలు. మా అమ్మ నేసిన గద్వాల చీర కట్టుకున్నాను. జీన్సు ప్యాంట్ల మధ్య ఒక్కదాన్నే చీరలో ఉన్నానని నాకేం బిడియం అనిపించలేదు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి అంచు పట్టుకుని మరీ చూశారు.

హాలు గుమ్మంలోనే అమ్మాయి రెండు స్పాంజి బిరడాలు చేతిలో పెట్టి చెవుల్లో పెట్టుకోమంది. మన ఇళ్ళలో పెళ్ళికి పోయేటప్పుడు చెవుల్లో దూది కుక్కుకుంటాం గానీ దూది పెద్దగా అడ్డుకోదట. ఈ బిరడాను వేళ్ళతో సన్నగా నలిపి, చెవిని కొంచెం పైకి లాగి లోపల పెడితే, అది ఉబ్బి చుట్టూ సరిపోతుంది. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, దెబ్బ తగ్గుతుంది. చంటిపిల్లలకు మాత్రం ఇవి వద్దు, వాళ్ళను స్పీకర్లకు దూరంగా తీసుకుపోవడమే మేలు. 80 డెసిబెళ్ళ చప్పుడు వారానికి 40 గంటలు విన్నా ఫర్వాలేదు గానీ, 90కి పెరిగితే 4 గంటలే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇలాంటి వేదికల్లో సగటు 100 దాటకూడదని 2022లో ఒక ప్రమాణం కూడా పెట్టింది. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి తెల్లవారి 6 దాకా బయట మైకు పెట్టకూడదు, తలుపులు మూసిన హాళ్ళకు మినహాయింపు. హైదరాబాదులో 2024 అక్టోబరులో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డిజెలను నిషేధించారు కూడా. మా సందు బారాత్‌లకు ఆ 45 సంగతి ఎవరు చెప్తారో!

ఆ రాత్రి నలుగురు వినిపించారు. మొదటి అబ్బాయిది నాకు సుతరామూ నచ్చలేదు. మిక్సీలో పసుపు కొమ్ములేసి మూత వదిలేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది, అరగంట పాటు. రెండో పిల్ల నీళ్ళ బిందెకు చిన్న మైకు అంటించి, చేత్తో తడుతూ, ఆ చప్పుడును సాగదీసి గుడి గంటలా మోగించింది. అది బాగుంది. మూడోవారప్పుడు నిజంగానే కునుకు పట్టింది.

తర్వాత మా అమ్మాయి. పొడుగు బల్ల, ల్యాప్‌టాపు, బొత్తాలున్న ఒక పెట్టె. ముందు సన్నగా శ్రుతి లాంటిది మొదలైంది. దాని కింద టక్, టటక్, టక్ అని ఒక దెబ్బ. పక్కనున్న పిల్లలు తలలూపుతున్నారు. నా చేయి మాత్రం తెలియకుండానే పక్కకు పోయింది, నాడె అందుకోవడానికి.

అది మా అమ్మ మగ్గం. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచులు పట్టు. రెండింటినీ పోగు పోగుకూ ముడేసి కలపాలి, దాన్నే కుప్పడం అంటారు. రెండంచులకూ రెండు, ఒడలికొకటి, మూడు నాడెలు ఆడాలి. ఒక్కరివల్ల కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. పదేళ్ళప్పటినుంచి పెళ్ళయ్యేదాకా ఆ పక్కన కూర్చున్నది నేనే. అమ్మ మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళ కిందట నేత ఆపేసింది. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి వాటిమీద జొన్న బస్తాలు పెట్టారు మా తమ్ముడు వాళ్ళు. ఆ చప్పుడు ఇక లేదనే అనుకున్నాను. ఆపకముందే ఒక సెలవుల్లో అమ్మాయి దాన్ని ఫోనులో పట్టుకుందట. ఇప్పుడది హైదరాబాదులో, గోడలు అదిరేట్టు. నేను కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే పక్కపిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది, పాపం ఊపిరాడడం లేదనుకుని.

ఇంటికొచ్చాక ఉప్మా తింటూ ఆ పెట్టె సంగతి అడిగాను. "అవ్వ మగ్గం మీద జకార్డు అట్టలుండె గదా? రంధ్రముంటే పోగు లేస్తది, లేకుంటే లేవదు. ఇదీ గంతే. వరసగా పదహారు గడులు. బొత్తాం నొక్కిన గడి దగ్గర మోగుతది, నొక్కని దగ్గర ఊరుకుంటది" అంది. చిత్రం, నాకు వెంటనే అర్థమైపోయింది.

ఇదేదో నిన్నా మొన్నా విదేశాలనుంచి ఊడిపడిందనుకునేదాన్ని. 1969లోనే అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీతానికి స్టూడియో పెట్టారట, అమెరికానుంచి మూగ్ యంత్రం తెప్పించి. దాని వెనక పఖావజ్ వాయించే గీతా సారాభాయ్ అనే ఆమె పూనిక ఉంది. అప్పటి టేపులు 2023లో రికార్డుగా బయటికొచ్చాయి. ఇళయరాజా గారు 1986 తమిళ సినిమాలో కంప్యూటరుతో సంగీతం కూర్చారు, మనకది 'డాన్స్ మాస్టర్'గా వచ్చింది. మన హైదరాబాదు డిజె మూర్తోవిక్, తన జోడీ అవినాష్ కుమార్‌తో కలిసి, గణిత రామానుజన్ కలల మీద 'అంతరిక్ష సంచార్' అనే ప్రదర్శన చేశాడు. అందులో నాట్యం అవినాష్ వాళ్ళమ్మ జయలక్ష్మీ ఈశ్వర్‌ది. ఈ చివరి ముక్క మా వారికి రెండుసార్లు చెప్పాను. అంతెందుకు, పాట నేర్చుకునే ఇళ్ళలో మోగే శ్రుతి పెట్టె మాత్రం ఎలక్ట్రానిక్ కాదూ?

వనపర్తికి నేనే ఫోను చేశాను. "మానదు వదినా. రెండు మూడు నెలలకోసారి, స్నేహితులతో పోయి స్నేహితులతో వస్తది. మీరూ అబ్బాయీ ఒకసారి వచ్చి వినండి, నేను పక్కనుంటా" అన్నాను. "అట్లనా" అని, ఇంట్లో అడిగి చెప్తానంది. మూడు వారాలైంది, ఇంకా చెప్పలేదు. మా వారు అలిగి, మజ్జిగ రెండోసారి అడగకుండానే కంచం ముందునుంచి లేచిపోతున్నారు.

పోయిన ఆదివారం అమ్మాయి వచ్చి, అవ్వ చెవులకు హెడ్‌ఫోను పెట్టి ఆ సంగీతం వినిపించింది. అమ్మ కళ్ళు మూసుకుని ఆసాంతం విన్నది. మెచ్చుకుంటుందనుకున్నాం. "పలక దెబ్బ సమంగ పడలేదే. ఆ దినం నాకు మోకాలు నొప్పుండె. మళ్ళ తీస్కో" అంది.

జొన్న బస్తాలు దించి, గుంట మీది చెక్కలు తీయాలంటే ఇద్దరు మగమనుషులు కావాలి. వచ్చే ఆదివారానికి చెప్పి పెట్టాం. పక్కన కూర్చునేది నేనే.