రెక్క విప్పే క్షణం కోసం

ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన చేతులే ఇప్పుడు మంగళాజోడిలో కెమెరాలకు దారి చూపుతున్నాయి

ఉదయం ఆరు గంటలు. జనవరి చలి. మంగళాజోడి రేవులో తుంగ మీద పొగమంచు ఇంకా వీడలేదు. మా చెక్క పడవకు మోటారు లేదు. యాభై దాటిన పడవ మనిషి వెదురు గెడను బురదలో గుచ్చి తోస్తుంటే అది చప్పుడు లేకుండా జారుతోంది. నా ఒళ్లో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న 400 ఎంఎం లెన్సు. తలలో ఒకటే ధ్యాస: ఎగిరే పక్షి ఫొటో.

విశాఖపట్నం నుంచి భువనేశ్వర్ వెళ్లే రైల్లో, బరంపురం దాటాక కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నవారికి చిలికా సరస్సు కొత్త కాదు. పట్టాలు కొంతదూరం నీటి అంచునే సాగుతాయి. ఆ సరస్సుకు ఉత్తరపు కొసన, ఒడిశాలోని ఖుర్దా జిల్లాలో టాంగీకి దగ్గరగా ఉన్న పల్లె మంగళాజోడి. ఊరి చివర నుంచే చిత్తడి మొదలవుతుంది.

శీతాకాలంలో ఇక్కడికి వేలల్లో వచ్చే అతిథి నల్లతోక గాడ్‌విట్. పొడవాటి ముక్కు, సన్నని కాళ్లు, బురద రంగు ఒళ్లు. నిలబడి ఉంటే పక్కనున్న మట్టిగడ్డకూ దానికీ తేడా తెలియదు. ఎగిరిందంటే మాత్రం వేరే పిట్టే. రెక్కల పొడవునా తెల్లని పట్టీ, తెల్లని నడుము, నల్లని తోక. నేల మీద దాచుకున్న సొగసంతా గాల్లోనే బయటపెడుతుంది. అందుకే కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లకు నిలబడ్డ గాడ్‌విట్‌తో తృప్తి ఉండదు.

పుస్తకం లెక్కన పని సులువే. షట్టర్ వేగం సెకనులో 2,000వ వంతు ఉండాలి. ఎండ మన వీపు మీద పడాలి. పక్షితో పాటు లెన్సునూ ఒకే ఊపున తిప్పుతూ పోవాలి. ఇప్పటి కెమెరాలైతే పక్షి కన్నును తామే వెతికి పట్టుకుంటాయి. ఇక మిగిలింది పక్షి ఎగరడమే.

మొదటి గంటలో దాదాపు మూడు వందల ఫొటోలు తీశాను. తెర మీద చూసుకుంటే అన్నీ తోకలే. పడవ దగ్గరైన కొద్దీ బాతులు లేచి, మాకు వీపు చూపించి వెళ్లిపోయాయి. విసుగొచ్చి నోరు జారాను. "ఒక్కసారి గెడతో పడవను గట్టిగా కొట్టండి. అన్నీ కలిసి లేస్తాయి."

ఆయన గెడ ఆపాడు. "అది నాకు బాగా వచ్చిన పనే బాబూ" అన్నాడు ఒడియా కలిసిన హిందీలో. "అలా లేపే కొట్టేవాళ్లం."

మంగళాజోడి అప్పట్లో వేటగాళ్ల ఊరు. వల, విషం, తుపాకీ, ఏది దొరికితే అది. మాంసం సంతకు పోయేది. వన్యప్రాణుల సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. చిలికాకు 1981లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపూ దక్కింది. అయినా 1990ల చివరికి ఈ చిత్తడిలో మిగిలిన పక్షులు ఐదు వేలేనని అంచనా. చట్టం ఢిల్లీలో ఉంది, ఆకలి ఊళ్లో ఉంది.

మార్పు 2000లో మొదలైంది. 'వైల్డ్ ఒడిశా' సంస్థ చొరవతో వేటగాళ్లే శ్రీ శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడ్డారు. పక్షి ఎక్కడ వాలుతుందో, ఎప్పుడు లేస్తుందో వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ తెలివే కాపలాకు, తర్వాత పర్యాటకానికి పెట్టుబడి అయింది. వేటగాళ్లు గైడ్లయ్యారు. 2024, 2025 జనవరి గణనల్లో చిలికా మొత్తం మీద తేలిన పక్షులు ఏటా 11 లక్షలకు పైనే.

అయితే నాలాంటివాళ్ల రాకతో కొత్త చిక్కు మొదలైంది. 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే ఎగిరే పక్షుల కదలికను పట్టుకోవడానికి ఒక కెమెరా తయారుచేశాడు. అది అచ్చం తుపాకీలాగే ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే సెకనుకు 12 బొమ్మలు. రూపం మారినా ఆ బుద్ధి మనలో పోయినట్టు లేదు.

లేపిన ప్రతిసారీ పక్షికి ఖర్చే. రోజంతా బురదలో ముక్కు గుచ్చి తిన్న తిండే దానికి తిరుగు ప్రయాణపు ఇంధనం. గాడ్‌విట్లలోనే మరో రకం, చారలతోక పక్షి ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మేనియాకు ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. ఒళ్లో కూడబెట్టుకున్న కొవ్వే దానికి ఆధారం. మన ఒక్క ఫొటో కోసం వేల పక్షుల కూడికకు చిల్లు పెట్టడం ఏం న్యాయం?

పడవ మనిషి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పడవను మెల్లగా చుట్టూ తిప్పి, ఎండా గాలీ రెండూ మా వీపు మీద పడేలా తుంగ చాటున నిలిపాడు. "పిట్ట గాలికి ఎదురుగా లేస్తుంది. అంటే మన వైపే" అన్నాడు. తర్వాత గెడ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాలు ఏమీ జరగలేదు. నీలి జంబుకోళ్లు తుంగ దుంపలు పీక్కు తింటున్నాయి. నా వేళ్లు మొద్దుబారాయి.

ఉన్నట్టుండి ఆయన నా మోచేయి తాకాడు. గాడ్‌విట్లు తినడం మానేసి మెడలు నిక్కించాయి. దూరంగా ఒక గద్ద, మార్ష్ హారియర్, తుంగ మీదుగా తక్కువ ఎత్తులో వస్తోంది. మరుక్షణం బురదంతా లేచి తెల్లగా మారింది. గుంపు మా వైపే వచ్చి, తల మీద మలుపు తిరిగి, గద్ద దాటిపోగానే మళ్లీ అదే బురదలో వాలింది. పది సెకన్లు కూడా పట్టలేదు. అందులో పనికొచ్చినవి మూడు ఫొటోలు. మూడింటిలోనూ పక్షుల కళ్లున్నాయి.

రేవుకు తిరిగొచ్చేసరికి పెద్ద లెన్సులతో నలుగురు నగరవాసులు ఎదురుచూస్తున్నారు. ఈ ఊరికి అన్నం పెట్టేది మాలాంటి బేరాలే. వాళ్లలో ఒకాయన జేబులోంచి నోటు తీసి, పక్షుల్ని కాస్త లేపితే ఇంకో ఐదొందలు ఇస్తానని హిందీలో చెప్పాడు. పొద్దుటి నుంచి నాతో హిందీలోనే మాట్లాడిన మనిషి తల అడ్డంగా ఊపి, హిందీ రాదని ఒడియాలో జవాబిచ్చాడు.