విమానపు బొమ్మకు వయసు దిద్దుట

పిల్లల ఆటవస్తువులను గూర్చి వ్రాయునపుడు కొయ్యబొమ్మలను, తోలుబొమ్మలను ప్రశంసించుట మనకు వాడుక. విమానపు బొమ్మకు రంగులు వేయుట మగపిల్లల వేడుక యనియు, అది గృహిణులకు పట్టని విషయమనియు పెక్కుమంది తలంతురు. మా యింట ఆ పనిని మొదటినుండి తుదివఱకు చూచిన పిమ్మట మా యభిప్రాయము వేఱయినది. అందులకు కావలసిన తెలివిలో సగము వంటయింటను, వాకిటను దొరకునదే. కావున సోదరీమణులకు ఈ నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మా యూరు తనకల్లు. కదిరినుండి మదనపల్లెకు పోవు మార్గమున నున్నది. పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. వానల కఱవు, తీండ్రమైన యెండ, ఎఱ్ఱని దుమ్ము, ఈ మూడును మాకు చుట్టములు. ఇంట మేమిద్దరము తోడికోడండ్రము, మా యత్తగారు, మా బావగారి కుమారుడు. పిల్లవానికి పదునాలుగేండ్లు. బెంగుళూరునందున్న మేనమామ వానికి ఒక ప్లాస్టిక్కు విమానమును విడిముక్కలుగా పెట్టెలో నుంచి పంపెను. అది స్పిట్‌ఫైరను యుద్ధవిమానము, ఎనిమిదవ రకము. అసలు విమానములో 72వ వంతు. ఱెక్క కొననుండి ఱెక్క కొనకు ఆఱంగుళములు మాత్రమే.

పెట్టెపై చిత్రమున విమానపు ప్రక్కను నల్లని చిఱుతపులి యొకటి లంఘించుచున్నది. అది 152వ దళపు గుర్తు. నిజాము ప్రభువు చేసిన ధనసహాయమునకు జ్ఞాపకముగా ఆ దళమునకు హైదరాబాదు దళమని పేరిడిరి. దళచిహ్నమునందు నిజాముగారి తలపాగాయే కలదు. 1940లో ఆంగ్లదేశమును కాపాడిన వైమానిక యుద్ధమున పోరి, 1943 చివర మన దేశమునకు వచ్చి, పిమ్మట బర్మా యుద్ధమున పాల్గొనెను. అంతకుముందు 1918లోనే నిజాము కానుకగా 110వ దళమునకు విమానములు సమకూడెను. వానిపై నిజాముగారి కానుక యని వ్రాయించిరి. వానిలో నొకటి నేటికిని లండను వైమానిక ప్రదర్శనశాలలో నున్నది. నిజాము ఖజానాకు చేరిన సొమ్ములో తెలుగు రైతు కట్టిన శిస్తును కలదు గదా! దాత పేరు విమానముపై నిలిచినది. రైతు పేరు ఎక్కడను లేదు. ఈ మాట పిల్లవానికి చెప్పితిమి. వాడు కొంతసేపు ఊరకుండి, "అయితే ఇది మనది కూడా గదా" అనెను.

రంగువేయు క్రమము కష్టమైనది కాదు. ముక్కలను సబ్బునీట కడిగి ఆరనిచ్చి అతికింపవలయును. లేనిచో జిడ్డుపై రంగు పట్టదు. మొదట పలుచని బూడిదరంగు పూత. పిమ్మట కడుపుభాగమునకు మబ్బువన్నె, వీపునకు నేలతో కలిసిపోవు రెండు రంగుల పట్టెలు. చిక్కని పూత యొక్కటి కంటె పలుచని పూతలు మూడు మేలు. మా యెండకు రంగు కుంచెపైననే ఆరిపోవును గనుక తెల్లవాఱుజామున పని చేయించితిమి. తడి యారువఱకు దానిపై వెదురు బుట్ట బోర్లించి గుడ్డ కప్పితిమి. నీటితో కలుపు రంగులే పిల్లలకు తగినవి. ఘాటైన నూనెలతో పలుచన చేయు రంగులైనచో గాలి వీచు వసారాలోనే వాడవలయును. పొయ్యి దరిదాపులకు తేరాదు.

గుర్తులను నీట నానవైచి కాగితమునుండి జార్చి అతికింతురు. బ్రిటిషు విమానములపై మామూలుగా నుండు గుండ్రని గుర్తు నడుమ ఎఱుపుండును. బర్మా రంగమున పోరిన వానికి ఆ యెఱుపును తీసివేసి రెండు వన్నెల నీలమునే యుంచిరి. జపాను వారి గుర్తు ఎఱ్ఱని సూర్యబింబము. ఎఱుపు కనబడినచో తమవారే తమవారిని కాల్తురేమో యని ఆ జాగ్రత్త. ఒక రంగు చుక్కపై మనుష్యుల ప్రాణము లాధారపడియుండెనని తెలిసినపుడు పిల్లవాని చేయి మఱింత నిదానమయ్యెను.

ఇంతవఱకు అందఱకును నచ్చినది. అటుపిమ్మట దానిని పాతదిగా చేయవలయునని వాడనగానే మా యత్తగారు, "ఏమిరా అబ్బీ, ఇంత ముచ్చటగా రంగేసి మళ్లీ మసి పూస్తావా? కొత్త కోకకు బురద పూసుకుంటామా?" అనిరి. ప్రశ్న సమంజసమైనదే. పిల్లవాని కోరిక మాత్రము వేఱు. గుండు దెబ్బలు, తుప్పు, పొగ, వీనితో విమానమంతయు నింపవలయునని వాని యుబలాటము.

మేము వానిని మొదట వంటయింటికి పిలిచితిమి. ఇనుప పెనము తుప్పుపట్టును; అల్యూమినియము గిన్నెకు ఎఱ్ఱతుప్పు రాదు, గీచినచోట తెల్లగా మెఱయును. విమానపు మేని రేకు అల్యూమినియము జాతిదే. కావున తుప్పురంగు పనికిరాదు. పెచ్చులూడినచోట వెండిరంగు కనబడవలయును. తోక చుక్కాని గుడ్డతో కప్పబడినది గనుక అచ్చట వెండిరంగును కూడదు. పిమ్మట కొలత. బొమ్మపై బియ్యపుగింజంత మచ్చ అసలు విమానముపై ఇంచుమించు మూరెడగును! ఆవగింజంతది అరచేయంత యగును. అందుచేత సన్నని స్పంజి తునుకను రంగులో నద్ది, కాగితముపై ఒత్తి, దాదాపు ఆరిన పిమ్మటనే బొమ్మకు తాకింపవలయును.

ఇక అరుగుదల ఎచ్చట నుండవలయును? దీనికి సమాధానము మా యత్తగారే చూపిరి. ఆమె పిల్లవానిని వీథివాకిలి కడకు తీసికొనిపోయి, "గడప చూడు. రెండు పక్కల పసుపు నిలిచినాది, నడుమ కొయ్య తేలినాది. కాలెక్కడ పడితే అక్కడనే అరుగుతాది నాయనా" అనిరి. ఎదురింటి ట్రాక్టరును అట్లే యున్నది. తోలువాడు అడుగుపెట్టి యెక్కు మెట్టున రంగే లేదు. ఎండ సోకు పైభాగము వెలిసినది. నీడనున్న లోభాగము నేటికిని నిగనిగలాడుచున్నది.

స్పిట్‌ఫైరునకు ఎడమవైపున చిన్న తలుపుండును. నడుపువాడు ఎడమ ఱెక్క మొదట అడుగుపెట్టి యెక్కును. నడుపువాడు ఒక్క మాఱెక్కిన, మరమ్మతుదారులు పదిమాఱు లెక్కుదురు. నూనె చూచువారు, పెట్రోలు పోయువారు, తుపాకులకు గుండ్లు నింపువారు. అందుచేత ఱెక్క మొదళ్లను, తెఱచి మూయు మూతల యంచులను వెండిరంగు తాకించితిమి. యంత్రపు పొగ ఇరువైపుల ఆఱేసి గొట్టములనుండి వచ్చి గాలికి వెనుకకు చాఱును. దానికి ఆముదపు దీపముపై పట్టిన మసిని, కాటుకకు పట్టునట్లే పట్టి, పొడికుంచెతో ముందు చిక్కగా, వెనుకకు పోవుకొలది పలుచగా తుడిచితిమి. రేకుల సందులలో పలుచని గోధుమరంగు నీరు విడిచి, పైని మిగిలినది గుడ్డతో తీసివేసితిమి. గుండు దెబ్బ యొక్కటియు వేయలేదు. ఎవరికి తగిలెనో తెలియని దెబ్బను వేడుకకు వేయుట తగదని చెప్పగా పిల్లవాడు ఒప్పుకొనెను.

పని ముగిసిన పిమ్మట వాడొక ప్రశ్న వేసెను. "దాతకు దళము పేరుంది, నడిపినవాని పేరు పుస్తకాల్లో ఉంటుంది. ఈ నూనె చూసిన వాళ్ల పేర్లెక్కడ?" మేము ఱెక్క మొదటనున్న వెండి మరకను చూపితిమి. వారు విడిచినది అదియే. అది సరియైన చోట నున్నచో వారు పనిచేసిరని చూచువారికి తెలియును. ఊరక మసి పూసినచో వారును ఆ మసిలోనే పోవుదురు. దినమంతయు చేసి, ఎవరి లెక్కలోను చేరని పనిని ఎఱిగిన మనకు ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇట్టి పనికి పూనుకొను సోదరీమణులు మూడు సంగతులు మఱువకుందురు గాక. ముక్కలు కోయు బ్లేడు పెద్దల చేతిలోనే యుండవలయును. వయసు దిద్దుటలో చాలునని తోచుటకు కొంచెము ముందే ఆగవలయును. ముగిసిన బొమ్మను అద్దపు పెట్టెలో నుంచవలయును. మా యూరివంటి చోట్ల ఆషాఢపు గాలి మొదలైనచో నెల తిరుగకమున్నే అసలు దుమ్ము చేరి, ఇంత శ్రమపడి దిద్దిన దుమ్ము కనబడకుండ పోవును.