వేసవిలో మంచుబండి

మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర భాగమున, సుపీరియర్ మహాసరస్సు తీరమున నెలకొన్న డులూత్ పట్టణ పరిసరములలో నివసించువారికి శీతకాలము నవంబరులో దిగి ఏప్రిలు వచ్చినను కదలని అతిథి. ఇచ్చటికి ఉత్తరముగా నున్న టవర్ అను చిన్న ఊరిలో 1996 ఫిబ్రవరి 2వ తేదీన ఉష్ణోగ్రత మైనస్ 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అనగా సుమారు మైనస్ 51 డిగ్రీల సెల్సియస్‌కు దిగజారినది. ఈ రాష్ట్రమున అంతటి చలి అంతకుముందుగాని ఆ తరువాతగాని నమోదు కాలేదు. అట్టి సీమలో, జనసంచారము లేని అడవిదారిలోనో, గడ్డకట్టిన సరస్సు నడిమధ్యనో మంచుబండి (స్నోమొబైల్) ఇంజను ఆగిపోయినచో దాని ఫలితము ప్రయాణభంగముతో ముగియదు, ప్రాణముల మీదికి వచ్చును. అందుచేతనే, మంచు కరిగి, బర్చి చెట్లు చిగురించి, ఊరివారందరును పడవలను బయటికి తీయుచున్న వేళ, నేను షెడ్డులో ఆ బండిని విప్పి, తుడిచి, అరిగినదానిని మార్చి, తిరిగి కూర్చు పనిని కాలక్షేపముగా ఎన్నడును తలపలేదు.

ఈ యంత్రము పుట్టుకలోనే ఒక తీరని దుఃఖము కలదు. కెనడా దేశమున, క్యుబెక్ రాష్ట్రములోని వాల్కూర్ గ్రామమున 1907లో జన్మించిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే వృత్తిరీత్యా మోటారు మెకానిక్కు. పదునైదేండ్ల ప్రాయముననే పాత ఫోర్డు కారు ఇంజనునకు పంకా బిగించి మంచుపై నడచు బండిని చేసిన ప్రజ్ఞాశాలి. 1934 శీతకాలమున ఆయన రెండేండ్ల కుమారునకు పెరిటొనైటిస్ సోకినది. దారులన్నియు మంచుతో పూడిపోయి, ఆసుపత్రికి చేర్చు సాధనము లేక ఆ పసివాడు మరణించెను. ఆ తండ్రి, పళ్ళచక్రముతో తిరుగు రబ్బరు ట్రాక్ విధానమునకు 1937లో పేటెంటు పొంది, ఏడుగురు కూర్చుండదగిన మంచు వాహనములను నిర్మించెను. అవి వైద్యులను, తపాలాను, బడిపిల్లలను చేరవలసిన చోటికి చేర్చినవి. ఒకరిద్దరు ఎక్కి పోదగిన తేలికపాటి స్కీ-డూ 1959లో వెలువడినది. వేగము కొరకు మాత్రమే ఈ బండిని కోరు యువకులతో మాటలాడునపుడెల్ల నేనీ కథను చెప్పుచుందును.

నా బండి 1990ల నాటి పోలారిస్ ఇండీ 500. ఇదే రాష్ట్రమున, వాయవ్య దిశగా, కెనడా సరిహద్దునకు చేరువనున్న రోజో అను చిన్న పట్టణమున 1954లో పుట్టిన సంస్థ నిర్మించిన యంత్రమిది. కొత్త బండ్ల ధరలు భరింపరానివగుట ఒక కారణమైనను, పాతదానినే కోరి కొనుటకు వేరొక హేతువు కలదు: ఇందులో కంప్యూటరు లేదు. రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, ఒక బెల్టు, ఒక గొలుసు, ఒక ట్రాక్. కన్ను చూడగలిగినంతవరకు చేయి బాగుచేయగలదు. పైగా ఇది టూ-స్ట్రోకు ఇంజను. ఏలూరులో మా నాన్నగారు నడిపిన చేతక్ స్కూటరు, బంకులో పెట్రోలుతో పాటు ఆయిలు కొలిపించి పోయించుకొనుట, తెల్లవారుజామున స్టార్టు కానపుడు బండిని ఒక ప్రక్కకు వంచి, మరల నిలిపి కిక్కు కొట్టుట, ప్లగ్గు ఊడదీసి ఉప్పుకాగితముతో రుద్దుట — ఇవన్నియు ఎరిగిన తెలుగువానికి ఈ యంత్రము అపరిచితము కానేరదు. కవాటములు లేని ఆ సరళమైన శరీరధర్మమే ఇచ్చటను పనిచేయుచున్నది. ఇందులో ఆయిలును బంకులో కలిపించుకొన నక్కరలేక, చిన్న పంపు తనంతట తానే కొలిచి అందించును. అంతే భేదము.

పాత బండిని ఎండకాలముననే కొనవలెనని నా దృఢాభిప్రాయము. తొలిమంచు పడిన వారమున అమ్మువానికి తొందర, కొనువానికి అంతకంటె తొందర, పరీక్షకు అవకాశముండదు. మే మాసమున నిదానముగా చూడవచ్చును. నేను కొనుటకు పోయినపుడు తోడువచ్చినది మా పొరుగింటి పెద్దాయన. టాకొనైట్ ఇనుప గనిలో యంత్రములను బాగుచేసి పదవీ విరమణ పొందినవాడు, మితభాషి. ఆయన మొదట చేసిన పని ఇంజను మీద అరచేయి ఆనించి చూచుట. అది చల్లగా నుండెను. మనము వచ్చులోగా ఇంజనును వెచ్చబెట్టి యుంచినచో, చల్లని ఇంజను స్టార్టు అగుటకు పడు అవస్థ మనకు కానరాకుండ పోవును. పిదప ప్లగ్గులు తీసి, కంప్రెషన్ గేజి బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరచి స్టార్టరు త్రాడు లాగించినాడు. రెండు సిలిండర్లును చదరపు అంగుళమునకు 120 పౌండ్లకు ఇటునటుగా చూపినవి. అంకె ఎంత యనుటకంటె రెండింటి నడుమ భేదమెంత యనునది ముఖ్యము. పది శాతమునకు మించినచో లోపల పిస్టన్ రింగులకో సిలిండరు గోడకో హాని జరిగినదని తెలియవలెను. గొలుసు పెట్టెలోని ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో నున్నచో నీరు చేరినదని, మెరుపుతునకలు కానవచ్చినచో పళ్ళచక్రములు అరుగుచున్నవని అర్థము. చివరకు ఆయన ట్రాక్ లోపలి చిన్న చక్రములను ఒక్కొక్కటిగా వ్రేలితో త్రిప్పి, చెవి దగ్గరగా ఉంచి ఆలకించినాడు. గరగర వినిపించిన చక్రము బేరింగు మార్చవలసినదే. ధర మాటలాడుట ఆ తరువాతనే.

ఇంటికి తెచ్చిన పిమ్మట మిక్కిలి కాలమును, ఓర్పును తీసికొన్నవి కార్బురేటర్లు. జపాను దేశపు మికుని సంస్థవారివి. పూర్వపు యజమాని నెలల తరబడి పెట్రోలును అందులోనే వదలివేసియుండుటచే, అడుగున నున్న ఫ్లోటు గిన్నెలో తేనెరంగు జిగురు పేరుకొని, మూత తీయగనే పులిసిన వార్నిషు వాసన కొట్టినది. పైలట్ జెట్ అను చిన్న ఇత్తడి మరను తీసి దీపమునకు ఎదురుగా పట్టి చూడగా వెలుతురు రాలేదు. మిల్లీమీటరులో సగము కూడ లేని ఆ రంధ్రము మూసుకొనిపోయినది. దానిలో తీగె దూర్చరాదు. ఇత్తడి మెత్తని లోహము కనుక రంధ్రము పెద్దదగును, అగుటతో లెక్క తప్పును. ద్రావకములో రాత్రియంతయు నానవైచి, సంపీడిత వాయువుతో ఊది, మరల దీపమునకు పట్టి చూడగా నడుమ గుండ్రని వెలుగుచుక్క కానవచ్చినది. ఆ చుక్కను చూచినపుడు కలిగిన తృప్తి, ఉద్యోగములో నాకు లభించిన అభినందనలలో అనేకముల వలన కలుగలేదని నిజముగా చెప్పుచున్నాను.

ఈ చిన్న రంధ్రమునకు ఇంత ప్రాధాన్యమేల యని పాఠకులు అడుగవచ్చును. చలి పెరిగినకొలది గాలి చిక్కనగును. చిక్కని గాలిలో ప్రాణవాయువు అధికము. దానికి తగినంత పెట్రోలు అందనిచో మిశ్రమము పలుచనై, సిలిండరు లోపలి వేడి హద్దు మీరి, పిస్టన్ పైభాగము కరిగి రంధ్రము పడుటయో, గోడకు పట్టుకొని బిగిసిపోవుటయో జరుగును. బయట ఎముకలు కొరుకు చలి, లోపల లోహము కరుగు వేడి. కార్బురేటరును ఇంజనునకు కలుపు రబ్బరు గొట్టములు బీటలు వారినను ఇదే ప్రమాదము, ఏలయన ఆ బీటల గుండ లెక్కలో లేని గాలి చొరబడును. వానిని వ్రేళ్ళతో వంచి, వెలుతురులో చూచి, సందేహము కలిగిన వెంటనే మార్చివేయుట మేలు. ఇంజను మొత్తమును విప్పి మరల కట్టించుటకు అగు వ్యయముతో పోల్చిన ఆ రబ్బరుముక్క వెల లెక్కింపదగినది కాదు.

గాలిపెట్టెలో ఎలుకగూడు కనబడినది. సీటు స్పంజిని కొరికి తెచ్చి ఎండుగడ్డితో కలిపి కట్టుకొన్నవి. అది చూడక స్టార్టు చేసినచో ఆ గడ్డిపరకలు సూటిగా ఇంజను లోనికి పోయెడివి. నాటినుండి పొగగొట్టపు మూతిలో, గాలి పీల్చు ద్వారములో ఉక్కు తీగెల ఉన్ని కుక్కి, ఆ సంగతి వ్రాసిన చీటీని హ్యాండిలునకు కట్టుట నా నియమము. చీటీ లేనిచో శీతకాలారంభమున కుక్కినది మరచి త్రాడు లాగుదుము.

తక్కిన పనులు సులభములే. బెల్టును ఊడదీసి, దారముల అంచులు విడినవేమో చూచి, క్లచ్చి పళ్ళెముల ముఖములను ఆల్కహాలుతో తుడువవలెను. అచ్చట గ్రీజు మరక సోకరాదు. ట్రాక్ జారు ప్లాస్టిక్ స్లైడులపై అరుగుదల హద్దు తెలుపు గీత యుండును, అది చెరగినచో కొత్తవి తొడుగవలెను. వీనిని చల్లబరచి జారునట్లు చేయునది మంచే కావున, మంచు లేని తారురోడ్డుపై బండిని పరుగెత్తించువారు స్లైడులను తమ చేతులతో కరిగించుకొనుచున్నారన్నమాట. గ్రీజు ముక్కులన్నింటిలో పాత గ్రీజుతో పాటు నీరు వెలికివచ్చువరకు కొత్తది ఎక్కించి, ట్రాక్ బిగువును సడలించి, బండి వెనుకభాగమును నేలనుండి ఎత్తి నిలుపుట చాలును.

నిజమునకు వేసవి సంరక్షణ ప్రారంభము కావలసినది ఏప్రిలులో, కడపటి ప్రయాణము ముగిసిన దినముననే. ఇచ్చటి బంకులలో సాధారణముగా దొరకు పెట్రోలులో సుమారు పదవవంతు ఇథనాల్ కలిసియుండును. అది తేమను ఆకర్షించును. స్నోమొబైళ్ళకు, పడవలకు, పాతకాలపు వాహనములకు ఇథనాల్ లేని పెట్రోలును అమ్ముటకు మిన్నెసోటా చట్టము అనుమతించుచున్నది; నిలువయుంచు బండికి అదియే శ్రేష్ఠము. ట్యాంకు నింపి, స్టెబిలైజరు కలిపి, ఇంజనును కొంతసేపు నడిపి, ఫాగింగు ఆయిలును కార్బురేటరు మూతినుండి చల్లుచుండగా, తెల్లని దట్టమైన పొగ క్రమ్మి ఇంజను తడబడి ఆగిపోవును. అప్పటికి బేరింగులు, సిలిండరు గోడలు తుప్పునుండి రక్షణ పొందినవి. ఆ పిమ్మట ఫ్లోటు గిన్నెలను ఖాళీచేయుట. ఈ కొద్దిపాటి శ్రమ పూర్వపు యజమాని పడియున్నచో పైన వర్ణించిన జిగురు పుట్టియే యుండదు.

బండి ఒక్కటే సిద్ధమైన చాలదు, బాట కూడ సిద్ధము కావలెను. మిన్నెసోటాలో 22,000 మైళ్ళకు మించిన స్నోమొబైల్ బాటలు కలవు. వానిలో అత్యధిక భాగమును ప్రభుత్వోద్యోగులు గాక, ఊరూర నున్న క్లబ్బుల సభ్యులు స్వచ్ఛందముగా సంరక్షించుచున్నారు. రిజిస్ట్రేషను రుసుము, పెట్రోలు పన్నులో కొంత భాగము వారికి సహాయముగా అందును. శరదృతువున రంపములు పట్టుకొని పోయి పడిన చెట్లను తొలగించుట, వాగులపై చెక్కవంతెనలను సరిచేయుట, గుర్తుపలకలను నాటుట, తమ పొలముల గుండ పోనిచ్చుచున్న రైతుల యొద్దకు పోయి అనుమతి కోరుట — ఈ పనులలో పాల్గొన్న తరువాతనే నేనీ ఊరివాడనైతినని నాకు తోచినది. డులూత్ నుండి గ్రాండ్ మరే వరకు 146 మైళ్ళు సాగు నార్త్ షోర్ బాటపై పోవునపుడు, మేము రంపముతో కోసి ప్రక్కకు దొర్లించిన దుంగలను చూచి ఎంతయో సంతసింతును.

ఈ ప్రాంతములకు కొత్తగా ఉద్యోగములపై వచ్చుచున్న తెలుగు కుటుంబములవారిలో కొందరు, ముఖ్యముగా పిల్లల ఒత్తిడి వలన, డిసెంబరులో తొందరపడి పాత స్నోమొబైల్ కొనుట చూచుచున్నాను. వారికి నా విన్నపమిది. బండిని వేసవిలో వెదకుడు. చల్లగా నున్న ఇంజనునే పరీక్షింపుడు. మీ చేతులతో ఒక్కసారియైన కార్బురేటరు విప్పి కూర్పుడు. 1976 డిసెంబరు 31 తరువాత జన్మించినవారికి ఈ రాష్ట్రమున స్నోమొబైల్ నడుపుటకు భద్రతా శిక్షణ ధ్రువపత్రము చట్టరీత్యా తప్పనిసరి కావున, ఆ శిక్షణను ఆకులు రాలు కాలమునకే ముగింపుడు. సరస్సుపైకి పోవుటకు ముందు మంచుపలక మందమును కొలువుడు. స్నోమొబైల్‌కు ఎంత మందముగల స్వచ్ఛమైన గట్టి మంచు కావలెనో రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖవారు చెప్పుచున్నారు. పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొనకముందు, హ్యాండిలుపై నున్న ఇంజను నిలుపు మీట పనిచేయుచున్నదో లేదో ఒకసారి నొక్కి చూడుడు.