మెట్టసీమ పిట్టపాట

కృష్ణాతీరం అనగానే పంటకాలువలు, కొబ్బరితోటలు మనసున మెదులుతాయి. ఎగువన ఉన్న నందిగామ, జగ్గయ్యపేటల రూపం వేరు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం పూర్వపు కృష్ణా జిల్లాకు మెట్టసీమ. పత్తి, మిరప చేలు, రాతిబోళ్ళు, తుమ్మపొదలు, నడుమ మునేరు, పాలేరు. మామిడికొమ్మ మీది కోకిలను కవులు విన్నంతగా తుమ్మకొమ్మ మీది పిట్టను వినలేదు. ఆ లోటును నేడు కెమెరా కొంత తీర్చగలదు.

పక్షిస్వరాన్ని యంత్రంలో నిలిపే యత్నం పాతదే. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే 8 ఏళ్ళ బాలుడు పంజరంలోని షామాపిట్ట పాటను ఫోనోగ్రాఫు మైనపుగొట్టంపై పట్టాడు. షామా మన అడవులలోనూ ఉండే పిట్టే. అయితే పంజరంలోని పిట్ట ఎక్కడికీ పోదు. చిక్కంతా పొదలోని పిట్టతోనే.

ఈ బీళ్ళలో తిరిగే భరతపక్షి జాతి పిట్ట ఒకటి పొదకొన నుండి కొన్ని మీటర్లు పైకెగసి, రెక్కలు చాచి, కాళ్ళు వేలాడవేసి, పాడుతూ మెల్లగా దిగుతుంది. అంతా క్షణాలలో ముగుస్తుంది. కెమెరాతో వెంటపడితే దృశ్యం కుదుపులమయం. అందుకే అనుభవజ్ఞులు అది మాటిమాటికీ వాలే కొమ్మను ముందే గుర్తించి, ముక్కాలి స్టాండు నిలిపి, సెకనుకు 50 ఫ్రేముల వేగం అమర్చుకొని కాచుకుంటారు. మైకుకు బొచ్చుతొడుగు లేకుంటే గాలిహోరే మిగులుతుంది.

కూర్పులో ఒక వింత ఎదురవుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడుస్తుంది. 34 మీటర్ల దూరాన పిట్ట ముక్కు తెరిచిన తరువాత, సెకనులో పదోవంతు ఆలస్యంగా పాట మైకును చేరుతుంది. అంటే 5 ఫ్రేముల ఎడం. దానిని సవరించడం న్యాయమే.

అసలు పరీక్ష లారీల రొద. హైదరాబాదు–విజయవాడ రహదారికి పగలూ రాత్రీ లేవు. ఆ మంద్రధ్వనిని తొలగించబోతే జెముడుకాకి గంభీరస్వరమూ పలచబడుతుంది. మరెక్కడి నుండో తెచ్చిన శుభ్రమైన పాటను అతికించడం సులువు, చూసేవారికి తెలియదు. కాని అనేక పక్షుల పాటలో ప్రాంతాన్నిబట్టి యాస మారుతుంది. అరువుపాటలో ఈ సీమ యాస ఉండదు. కొందరు రికార్డు చేసిన కూతను వినిపించి పిట్టను రప్పిస్తారు. ప్రత్యర్థి వచ్చాడని భ్రమించిన మగపిట్ట మేత మాని పోరుకు దిగుతుంది. చిత్రం చక్కగానే వస్తుంది, కాని అందులో వినబడేది బెదిరిన గొంతు.

కనుక శుభ్రపరచిన ప్రతి వేరు, తేదీ, చోటు వ్రాసి దాచిన మూలప్రతి వేరు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో, రొద ఎక్కువైన చోట్ల ఒక జాతి పిట్టలు హెచ్చుస్థాయిలో పాడుతున్నాయని 2003లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. నందిగామ బాటప్రక్క నల్లంచి కూడా అలాగే గొంతు మార్చుకొన్నదా అని రేపెవరైనా వెదికితే, జవాబు ఆ లారీల హోరున్న మూలప్రతిలోనే దొరకాలి.