ఒకే గుండు, ఒకే గురి

తుపాకి రాముడు తెలంగాణ పల్లెలకు కొత్తవాడు కాదు. ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజాన కొయ్య తుపాకీ. లేని బంగళాలు, కొనని భూములు, కొట్టని పులులు... ఆయన కోతలకు అంతే ఉండదు. అయితే ఆ కొయ్య తుపాకీ గురి మాత్రం ఎన్నడూ తప్పలేదు. అది పేలితే కదా, తప్పడానికి!

పేలే తుపాకీ సంగతి వేరు. మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలం తుపాకీ సంగతి మరీ వేరు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుల నుంచి వచ్చే వార్తల్లో దాని పేరు 'నాటు తుపాకీ'. ఇంకాస్త ముందుకెళ్లి బస్తర్ అడవుల్లో అడుగు పెడితే అదే 'భర్మార్'. వేటగాళ్ల అరెస్టులోనో, లొంగుబాటు జాబితాలోనో ఈ మాట చదివినప్పుడల్లా నాకొక సందేహం వచ్చేది. ఒక్కసారి పేలితే మళ్లీ నింపుకోవడానికే నిమిషం పట్టే ఆయుధమిది. మరి ఆ ఒక్క గుండుకూ గురి కుదిరేదెలా?

వెతికితే ఆసక్తికరమైన విషయాలే దొరికాయి.

మూతిలోంచి దిగాలంటే గుండు గొట్టం కన్నా కాస్త సన్నగా ఉండాలి. పైగా సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు కాలితే అందులో సగానికి పైగా మసీ మడ్డీగానే మిగిలిపోతుంది. రెండుమూడు సార్లు పేల్చేసరికి గొట్టం ఇరుకైపోతుంది. అందుకే ఈస్టిండియా కంపెనీ కాలపు 'బ్రౌన్ బెస్' తుపాకీ గొట్టం 0.75 అంగుళాలైతే, గుండు దాదాపు 0.69 అంగుళాలే ఉండేది. ఆ ఖాళీలో గుండు అటూ ఇటూ తగులుకుంటూ బయటికొస్తుంది. చివరిసారి ఏ గోడకు తగిలిందో దాన్నిబట్టి దాని దారి మారుతుంది. నూరు గజాలు దాటితే తగలడం అదృష్టమే.

ఈ గుట్టును శాస్త్రీయంగా విప్పిన వాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితవేత్త. తిరుగుతూ వెళ్లే గుండును గాలి ఎలా పక్కకు నెడుతుందో, గొట్టంలో మెలికల గాళ్లు ఉంటే గుండు ఎందుకు తిన్నగా పోతుందో ఆయన వివరించాడు. 1742లో ఆయన రాసిన తుపాకీ శాస్త్రాన్ని మహా గణితవేత్త ఆయిలరే జర్మన్‌లోకి అనువదించాడు. ఆ రాబిన్స్ చివరికి కంపెనీ కొలువులో మన కోరమాండల్ తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

తర్వాతి మలుపులోనూ దక్షిణాది పాత్ర ఉందంటారు ఆయుధ చరిత్రకారులు. నార్టన్ అనే బ్రిటిష్ కెప్టెన్ ఇక్కడి వాళ్లు ఊదుగొట్టంతో బాణాలు వదలడం చూశాడట. ఆ బాణం మొదట్లో మెత్తని బెండు ఉండేది. ఊదగానే అది ఉబ్బి గొట్టాన్ని బిగుతుగా మూసేది. గాలి ఒక్క పిసరు కూడా వృథా పోయేది కాదు. ఆయన అదే ఉపాయంతో అడుగున బోలుగా ఉండే గుండు చేశాడు. ఆ ఊహే ఫ్రాన్స్‌లో మినియే చేతిలో మెరుగుపడి, 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీలోకి వచ్చింది. దాని తూటాకు పూసిన కొవ్వు 1857లో ఎంత మంట రేపిందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అమెరికా వేటగాళ్లు గుండుకు ప్లాస్టిక్ తొడుగు వేస్తున్నారు. పేరు సాబో. ఫ్రెంచిలో ఆ మాటకు చెక్క చెప్పు అని అర్థం. మన భాషలో పావుకోళ్లు అనుకోవచ్చు. గొట్టం దాటగానే గుండు పావుకోళ్లు విడిచి ముందుకెళ్తుంది. అయితే తొడుగు ఉంటే చాలదు. గుండ్రటి గుండుకు 60 అంగుళాల పైచిలుకులో ఒక చుట్టు తిరిగే మెల్లని మెలిక చాలు. సాబో తొడిగిన పొడుగాటి గుండుకు 28 అంగుళాలకే ఒక చుట్టు కావాలి. మందు ఎక్కువ పోస్తే గురి పెరుగుతుందనుకోవడం భ్రమ. చాలాసార్లు తక్కువ మందుకే గుళ్లన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. గుండు, తొడుగు, మందు... ఈ మూడింటిలో ఒకసారికి ఒక్కటే మార్చాలి. కాగితం మీద పేల్చి చూడాలి. గొట్టం తుడవాలి. మళ్లీ పేల్చాలి. జంతువు ముందు నిలబడే ముందు కాగితం ముందు రోజుల తరబడి నిలబడాలి.

ఇంత పని ఉన్న చోట, దొరికిన పైపుతో దొంగచాటుగా చేసిన నాటు తుపాకీ పరిస్థితేమిటి? దాని గొట్టానికి కొలత లేదు, గుండుకు కొలత లేదు, మందుకు తూకం లేదు. ఎదుటి జంతువు కన్నా పేల్చేవాడి కళ్లకూ చేతులకే అపాయం ఎక్కువ. మంచి ఆయుధం విలువ మన్యానికి తెలియక కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి పట్టుకెళ్లింది 26 తుపాకులు, 2,500 పైచిలుకు తూటాలు.

చట్టం కూడా ఈ పాత తుపాకీని పూర్తిగా కాదనలేదు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసం మూతి తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చని పేరు పెట్టి మరీ చెబుతుంది. అయితే ఆ లైసెన్సు వేటకు అనుమతి కాదు. 1972 వన్యప్రాణి చట్టం దారి దానిదే. అడవి అంచు రైతుకు ఈ రెండు చట్టాల నడుమ దారి వెతుక్కోవడం చిన్న పని కాదు. మొక్కజొన్న కంకి పాలు పట్టే వేళకు పందుల మంద చేలో దిగితే, నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఆ కోపంలో, ఆ నిస్సహాయతలో కొందరు కరెంటు తీగ పరుస్తున్నారు. వేటగాళ్లూ అదే పని చేస్తున్నారు. నన్ను భయపెట్టేది ఇదే. నాటు తుపాకీ గురి ఎంత గుడ్డిదైనా, దాని వెనక ఒక మనిషి కన్ను ఉంటుంది. చీకట్లో కదిలింది పందో, పక్క చేను రైతో అని ఒక్క క్షణం ఆగి చూసే అవకాశం ఉంటుంది. తీగకు ఆ క్షణం లేదు. 2024లో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు అలాంటి తీగ తగిలే ప్రాణాలు కోల్పోయారు. నీళ్లు పెట్టడానికి పోయిన రైతులు, మేతకు పోయిన పశువులు ఎన్నో.

మంచె, వడిసెల, డప్పు, రాత్రంతా వంతుల వారీ కాపలా... ఇవి పాతబడ్డాయని మనం అనుకుంటున్నాం. వాటన్నిటిలోనూ మెలకువగా ఉండే మనిషి ఒకడుండేవాడు. నష్టపోయిన పంటకు పరిహారం వేళకు అందితే, సోలార్ కంచెకు సాయం దొరికితే, ఆ మనిషి తీగ జోలికి పోడు. అడవి అంచున పంటా దక్కాలి, తెల్లారి చేనుకు పోయిన మనిషి ఇంటికీ రావాలి.