కోరంగి... ఓడలు మరిచిన రేవు

బొగ్గుగనుల నడుమ ఉన్న కమాన్‌పూర్‌కీ సముద్రానికీ ఏమిటి సంబంధం? ఉంది... గోదావరి! మంథని పక్కగా పారే ఆ నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో చూడాలంటే, రామగుండంలో రైలెక్కి, కాజీపేటలోనో విజయవాడలోనో బండి మారి కాకినాడ వెళ్లాలి. అక్కణ్నుంచి యానాం దారిలో సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్తే కోరంగి.

ఇప్పుడక్కడికి అందరూ వెళ్లేది మడ అడవుల కోసమే. చెట్ల మధ్య చెక్కదారిలో నడిచి, పోటు ఉంటే పడవెక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు.

18వ శతాబ్దంలో ఈ చుట్టుపక్కలే ముగ్గురు తెల్లదొరలు పోటీపడి కొట్లు తెరిచారు. ఇంజరంలో ఇంగ్లిషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇప్పుడు కాకినాడలో కలిసిపోయిన జగన్నాథపురంలో డచ్చివాళ్లు. అందరి కళ్లూ మన నేతన్నల సన్నబట్ట మీదే. న్యూజిలాండ్‌లో కొరొరరెకా లాంటి రేవులు తిమింగలాల వేట ఓడలతో బతికాయి. గోదావరి మొగలో రేవుల్ని బతికించింది మాత్రం మగ్గం.

1789 డిసెంబరులో తుఫాను వచ్చింది. మూడు రాకాసి అలలు ఒకదాని వెనకొకటి ఊరిమీద పడ్డాయి. ఇరవై వేలమంది పోయారంటారు. తర్వాత కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి తుఫానుల్ని పరిశీలించి, పాముచుట్టలా తిరిగే ఆ గాలికి 'సైక్లోన్' అని పేరుపెట్టాడు. 1848లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆ మాట నావికులందరికీ చేరింది. 1839 నవంబరులో మళ్లీ అదే ఘోరం. అప్పుడు పోయినవాళ్లు మూడు లక్షలని చాలాచోట్ల రాస్తారు. ఒక రేవు ఊరి లెక్కగా అది నమ్మడం కష్టమే!

తుఫానులు సరే, అసలు దెబ్బ ఒండ్రుది. నది తెచ్చిన మట్టితో పాయ పూడిపోయింది. ఓడలు కాకినాడ దారి పట్టాయి. ఆ మట్టిలో మన మంథని రేవు దాటి వచ్చిందీ కొంత ఉండే ఉంటుంది.

రేవు పోయినా పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీ'లనే పిలిచేవారు. విశాఖవాడైనా, శ్రీకాకుళంవాడైనా అంతే. పోనుపోనూ ఆ పిలుపు తిట్టుగా మారింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలిపని దగ్గర మొదలైన గొడవల్లో బర్మీయుల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఈ 'కోరంగీ'లే. వాళ్లలో కోరంగిని కళ్లారా చూసినవాళ్లు ఎందరో!